అడ్వాన్సు ఇవ్వకముందే బిల్డరును పరీక్షించడం ఎలా? హైదరాబాద్‌లో ఇల్లు కొనేవారికి సమగ్ర మార్గదర్శి

బుకింగ్ రసీదు చూపించి "ఈ బిల్డరును నమ్మవచ్చునా?" అని అడిగేవారే ఎక్కువ. ఆ ప్రశ్న రసీదుకు ముందు రావాలి. అందుకని ఈ మార్గదర్శిని అడ్వాన్సు చెక్కు రాయకముందు నుంచి మొదలుపెట్టి, తాళాలు చేతికి వచ్చే రోజు వరకు వరుసగా రాస్తున్నాను. ఉదాహరణలు హైదరాబాద్, దాని చుట్టుపక్కల జిల్లాలవి. రెరా (స్థిరాస్తి రంగ నియంత్రణ చట్టం) కేంద్ర చట్టం కనుక దానికి సంబంధించిన విషయాలు విజయవాడ, విశాఖపట్నం వారికి కూడా వర్తిస్తాయి. వారు ఏపీ రెరా వెబ్‌సైటును, తమ ప్రాంత పట్టణాభివృద్ధి సంస్థ ఇచ్చిన అనుమతులను చూసుకోవాలి.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. డాక్టరుకో వకీలుకో ఉన్నట్టు, ఇళ్లు కట్టి అమ్మేవారికి యోగ్యతాపత్రం ఇచ్చే వ్యవస్థ మన దగ్గర లేదు. 2016 నాటి రెరా చట్టం కింద నమోదయ్యేది బిల్డరు యోగ్యత కాదు, ప్రాజెక్టు. క్రెడాయ్, నరెడ్కో, ట్రెడా వంటివి వ్యాపారుల సంఘాలు. వాటిలో సభ్యత్వం ఉన్నంత మాత్రాన గోడ నాణ్యతకు ఎవరూ పూచీ పడినట్టు కాదు. ఆ యోగ్యత తేల్చుకునే పని కొనేవారి మీదే పడుతుంది.

## 1. పని మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

తీరికగా చూస్తే ఈ పరిశీలనకు రెండు మూడు వారాలు పడుతుంది. "ఈ ఆదివారంతో ఆఫర్ అయిపోతుంది" అనే మాటకు లొంగితే ఇక ఏ పరిశీలనా జరగదు. ఖర్చు విషయానికి వస్తే ఇద్దరికి మాత్రం ఫీజు ఇవ్వాలి: బిల్డరు చూపించిన వకీలు కాక మీరు స్వయంగా ఎంచుకున్న వకీలు, నిర్మాణ స్థలం చూసి చెప్పగల సివిల్ ఇంజనీరు.

బిల్డరు కార్యాలయం నుంచి మొదటి రోజే అడిగి తీసుకోవలసిన కాగితాలు ఇవి:

- రెరా నమోదు పత్రం
- అనుమతి ఉత్తర్వు, మంజూరైన ప్లాను (ముద్ర, సంతకాలు కనిపించే కాపీ)
- స్థలం లింకు డాక్యుమెంట్లు (స్థలం ఎవరి నుంచి ఎవరికి చేతులు మారిందో చూపే పాత దస్తావేజులు), కనీసం 30 ఏళ్లవి
- స్థల యజమానితో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ (స్థలం యజమానిది, కట్టేది బిల్డరు, ఫ్లాట్లు ఇద్దరూ పంచుకునే ఒప్పందం) ఉంటే దాని కాపీ, వాటాల పంపకం రాసుకున్న అనుబంధ ఒప్పందం
- విక్రయ ఒప్పందం ముసాయిదా
- ఇదే బిల్డరు పూర్తి చేసిన ప్రాజెక్టుల పేర్లు, చిరునామాలు

కాగితాలు అడిగినప్పుడు వచ్చే జవాబును కూడా పరిశీలనలో భాగంగానే తీసుకోవాలి. "బుకింగ్ అయ్యాక ఇస్తాము" అన్నచోట నేనైతే అక్కడితో ఆగిపోతాను.

## 2. ఎవరితో ఒప్పందం కుదుర్చుకుంటున్నారో తేల్చుకోండి

హోర్డింగ్ మీద కనిపించేది బ్రాండు పేరు. రసీదు మీద, ఒప్పందం మీద ఉండే పేరు వేరే కావచ్చు. ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో కొత్త సంస్థను పెట్టడం ఇక్కడ మామూలే, అది తప్పు కూడా కాదు. అయితే రేపు పేచీ వస్తే మీరు అడగగలిగేది ఆ సంస్థనే. దాని వయసు ఏడాది, ఆస్తి ఈ ఒక్క స్థలమే అయితే ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

కంపెనీ లేదా ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థ) అయితే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో పేరుతో వెతకండి. ఎప్పుడు ఏర్పడిందో, డైరెక్టర్లు ఎవరో, బ్యాంకుల దగ్గర ఏ ఆస్తి తాకట్టులో ఉందో అక్కడ తెలుస్తుంది. డైరెక్టర్ల పేర్లతో ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో, రెరా తీర్పులలో కూడా వెతకండి. కేసు ఉండటమే దోషం కాదు. పదేళ్లుగా వ్యాపారంలో ఉన్నవారికి ఒకటి రెండు ఉంటాయి. ఒకే రకమైన ఫిర్యాదు, ఉదాహరణకు డబ్బు వాపసు ఇవ్వకపోవడం, మళ్లీ మళ్లీ కనిపిస్తున్నదా అన్నది చూడండి.

## 3. రెరా పేజీని పూర్తిగా చదవండి

చాలామంది బ్రోచరు మీద నంబరు ఉందో లేదో చూసి తృప్తి పడతారు. ఆ నంబరును తెలంగాణ రెరా వెబ్‌సైటులో కొట్టి, తెరుచుకున్న పేజీని మొదటి నుంచి చివరి వరకు చదవాలి. ఒక గంట పడుతుంది.

చూడవలసిన వరుస ఇది:

1. నమోదైన పేరు, రసీదు మీది పేరు ఒకటేనా?
2. సర్వే నంబర్లు, విస్తీర్ణం మీ దగ్గరున్న లింకు డాక్యుమెంట్లతో సరిపోతున్నాయా?
3. మీరు చూస్తున్న బ్లాకు ఈ నమోదులో ఉందా? దశలవారీగా కట్టే ప్రాజెక్టులో చట్టం ప్రతి దశనూ విడి ప్రాజెక్టుగా చూస్తుంది. మొదటి దశ నంబరు చూపించి రెండో దశ ఫ్లాట్లు అమ్మడం నేను చూశాను.
4. పూర్తి చేస్తామని రాసిన తేదీ ఏది? ఇప్పటికే గడువు పొడిగించుకున్నారా?
5. మూడు నెలలకు ఒకసారి పెట్టవలసిన పురోగతి వివరాలు పెడుతున్నారా? చివరిది ఎప్పటిది?
6. గత ఐదేళ్లలో చేపట్టిన ప్రాజెక్టులు, జాప్యాలు, కేసుల గురించి ఏమి ప్రకటించారు? మీకు బయట తెలిసిన సంగతులకు, ఇక్కడ రాసినదానికి తేడా ఉంటే ఆ తేడా చాలా విషయాలు చెబుతుంది.

నమోదు కాకముందు ప్రకటనలు ఇవ్వడం, బుకింగులు తీసుకోవడం చట్టం ప్రకారం నిషిద్ధం. 'ప్రీ-లాంచ్', 'సాఫ్ట్ లాంచ్', 'ముందుగా యూడీఎస్ రిజిస్ట్రేషన్' అన్నవన్నీ ఈ నిషేధాన్ని తప్పించుకునే దారులే. యూడీఎస్ పేరిట కొన్నవారి చేతిలో ఉండేది భవనం అనుమతి లేని స్థలంలో అవిభక్త వాటా మాత్రమే. అక్కడ ఎప్పుడు, ఎన్ని అంతస్తులు వస్తాయో ఆ కాగితం చెప్పదు. ధర సగమే అన్నా ఆ జోలికి పోవద్దు.

500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 598 గజాలకు మించని స్థలంలో గానీ, 8 ఫ్లాట్లకు మించకుండా గానీ కట్టేవాటికి నమోదు నుంచి మినహాయింపు ఉంది. మన కాలనీల్లో 300 గజాల్లో లేచే అపార్ట్‌మెంట్లు చాలావరకు ఈ కోవలోవే. వాటికి రెరా పేజీ ఉండదు కనుక కింద చెప్పే 4, 5, 6 మెట్ల మీద రెట్టింపు శ్రద్ధ పెట్టండి.

ఏజెంటు ద్వారా కొంటుంటే, రెరా ప్రాజెక్టులు అమ్మిపెట్టే ఏజెంటుకు కూడా నమోదు తప్పనిసరి అని గుర్తుంచుకుని అతని నంబరు కూడా చూడండి.

## 4. స్థలం, అనుమతి, తాకట్టు

స్థలం పరిశీలన ప్రధానంగా వకీలు పని. మీరు చేయగలిగినవి: రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయడం, సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉందేమో చూడటం, వ్యవసాయ భూమి అయితే నాలా మార్పిడి (వ్యవసాయేతర వాడకానికి మార్పు) జరిగిందో లేదో అడగటం. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే కనిపిస్తాయని మరవకండి. నోటరీ చేసిన ఒప్పందాలు, కోర్టు వివాదాలు అందులోకి రావు.

చెరువు దగ్గరి స్థలమైతే ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దు చూడాలి. తెలంగాణ భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల పటాలను సర్వే నంబరుతో పోల్చి చూడండి. బాల్కనీ నుంచి నీళ్లు కనిపిస్తాయని ఎక్కువ ధర చెప్పినచోట ఈ పరిశీలన మరీ అవసరం.

ఇక అనుమతి ఉత్తర్వు. ఎన్ని సెల్లార్లు, ఎన్ని అంతస్తులు అన్నది అందులో స్పష్టంగా ఉంటుంది. మీకు అమ్ముతున్న అంతస్తు ఆ లెక్కలో ఉందో లేదో వేలు పెట్టి లెక్కించుకోండి. అదనంగా వేసిన పెంట్‌హౌస్‌కు "తర్వాత రెగ్యులరైజ్ అవుతుంది" అంటే, ప్రస్తుతానికి దానికి అనుమతి లేదన్నమాటే.

ఎవరూ అడగని విషయం ఒకటుంది. నిబంధనలు ఉల్లంఘించకుండా ఉండేందుకు పూచీగా, అనుమతి ఇచ్చేటప్పుడు మొత్తం నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని స్థానిక సంస్థ తన పేరిట తాకట్టు పెట్టించుకుంటుంది. ఓసీ (నివాసయోగ్యమని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాకనే ఆ తాకట్టు విడుదల అవుతుంది. ఆ 10 శాతం కింది అంతస్తుల్లోనే ఉంటుంది.

మా బంధువు ఒకరు మొదటి అంతస్తులో తూర్పు ముఖం ఫ్లాటు కొన్నారు. రిజిస్ట్రేషన్ కూడా జరిగిపోయింది. ఆరేళ్ల తర్వాత అమ్మబోతే, కొనేవారి వకీలు ఈసీలో ఒక వరుస మీద వేలు పెట్టి చూపించాడు: తాకట్టు దస్తావేజు, రాసిచ్చినది బిల్డరు, షెడ్యూల్‌లో "మొదటి అంతస్తు, తూర్పు భాగం". ఓసీ ఎన్నడూ తీసుకోలేదు కనుక తాకట్టు అలాగే ఉండిపోయింది. ఆ బేరం అక్కడే ఆగిపోయింది. మంజూరైన ప్లానులో తాకట్టు భాగాన్ని విడిగా గుర్తించి చూపిస్తారు. మీ ఫ్లాటు నంబరు అందులో ఉంటే వేరే ఫ్లాటు చూసుకోండి.

డెవలప్‌మెంటుకు ఇచ్చిన స్థలమైతే, మీ ఫ్లాటు బిల్డరు వాటాలోదా, స్థల యజమాని వాటాలోదా అని అనుబంధ ఒప్పందంలో చూడాలి. అమ్మే హక్కు ఎవరిదో దానిని బట్టే తేలుతుంది. వాటాల ఒప్పందం ఇంకా రాసుకోలేదంటే, ఏ ఫ్లాటు ఎవరిదో వారికే తేలలేదని అర్థం.

## 5. ఇదివరకు కట్టినవి చూసి రండి

ఒకే ఒక్క మెట్టుకు సమయం ఉందంటే ఇది ఎంచుకోండి. ఇదే బిల్డరు మూడు నుంచి ఏడేళ్ల కిందట అప్పగించిన రెండు భవనాలకు వెళ్లాలి. కొత్త భవనం ఏదైనా అందంగానే ఉంటుంది, మరీ పాతదాని లోపాలకు నిర్వహణ కూడా కారణం కావచ్చు.

వానాకాలంలో వెళ్తే మంచిది. ముందుగా సెల్లార్‌లోకి దిగండి. తల ఎత్తి స్లాబు అడుగుభాగం చూడండి. తెల్లటి ఉప్పు చారలు దిగి ఉంటే పైనుంచి నీరు కారుతున్నదని అర్థం. బీము అంచున సన్నని గీతలాంటి పగులు వెంట తుప్పు రంగు మరక కనిపిస్తే లోపలి ఇనుముకు తడి తగిలిందని తెలుసుకోవాలి. కొత్తగా సున్నం వేసిన ఒకే ఒక చదరపు ముక్క కనిపిస్తే అక్కడ ఏమి కప్పారో వాచ్‌మన్‌ను అడగండి. వాచ్‌మన్ చెప్పేంత నిజం మార్కెటింగ్ మేనేజరు చెప్పడు.

తర్వాత అసోసియేషన్ కార్యదర్శితోనో, కోశాధికారితోనో పది నిమిషాలు మాట్లాడండి. అడగవలసినవి:

- చెప్పిన తేదీకి, తాళాలు ఇచ్చిన తేదీకి ఎన్ని నెలల తేడా?
- ఓసీ వచ్చాకే గృహప్రవేశాలు జరిగాయా?
- కార్పస్ ఫండ్ (భవన నిర్వహణకు ముందుగా వసూలు చేసిన నిధి) మొత్తాన్ని అసోసియేషన్‌కు అప్పగించారా, లెక్కలు చూపించారా?
- లిఫ్టు, జనరేటరు, మురుగునీటి శుద్ధి కేంద్రం చెప్పిన సామర్థ్యంతో ఉన్నాయా?
- అప్పగించాక లీకేజీ ఫిర్యాదు చేస్తే ఎన్ని రోజులకు మనిషిని పంపారు?

చివరి ప్రశ్నకు వచ్చే జవాబుకు నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇస్తాను. తప్పు జరగని నిర్మాణం లేదు. వచ్చి సరిచేసే బిల్డరు ఉంటాడా లేడా అన్నదే తేడా. బిల్డరు స్వయంగా పరిచయం చేసిన "సంతృప్తి చెందిన కస్టమరు" మాటను లెక్కలోకి తీసుకోకండి.

## 6. నిర్మాణ స్థలాన్ని ఇంజనీరుతో కలిసి చూడండి

మోడల్ ఫ్లాటు చూసి నిర్ణయానికి రావద్దు. స్లాబు పని నడుస్తున్న రోజు చూసి వెళ్లండి. హెల్మెట్ ఇచ్చి లోపలికి తీసుకువెళ్లే సైటు ఇంజనీరు ఉన్నాడా, లేక అంతా మేస్త్రీ మీదే నడుస్తున్నదా అన్నది గేటు దగ్గరే తెలిసిపోతుంది.

- క్యూబ్ టెస్టు రిజిస్టరు అడగండి. ప్రతి కాంక్రీటు పోతకూ 150 మిల్లీమీటర్ల కాంక్రీటు ఘనాలు తీసి 28 రోజులకు బలం పరీక్షించిన నివేదికలు తేదీలతో ఉండాలి.
- క్యూరింగ్ చూడండి. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. వేసి మూడు రోజులైన స్తంభానికి గోనెపట్టా లేకుండా ఎండ కొడుతుంటే ఫొటో తీసుకోండి.
- ఇనుము కింద కవర్ బ్లాకులు (ఇనుము అడుగుకు తగలకుండా ఎత్తి ఉంచే దిమ్మలు) పెట్టారా, లేక రాతి ముక్కలతో సరిపెట్టారా?
- సెంట్రింగ్ విప్పిన చోట కంకర తేలి తేనెతుట్టెలా కనిపిస్తున్నదా? దానికి పైపైన సిమెంటు పూస్తున్నారా?

ఇంజనీరు అభిప్రాయాన్ని నోటి మాటగా కాక ఒక పేజీ నివేదికగా తీసుకోండి.

## 7. మూడు కుప్పలుగా విడదీయండి

ఇంతవరకు తెలిసినవాటిని ఒక కాగితం మీద రాసి మూడు భాగాలు చేయండి. మార్కులు వేయడం నాకు నచ్చదు, ఎందుకంటే ఈత కొలను బాగుందన్న పది మార్కులు, టైటిల్ లోపానికి పోయిన పది మార్కులను పూడ్చినట్టు కాగితం మీద కనిపిస్తుంది.

ఆగిపోవలసినవి: నమోదు లేకుండా అమ్మకం, అనుమతిలో లేని అంతస్తు, 22-ఏ లేదా ఎఫ్‌టీఎల్ సమస్య, తాకట్టులోని ఫ్లాటు, నగదు కోసం ఒత్తిడి.

రాతపూర్వకంగా జవాబు రావలసినవి: బ్యాంకు తాకట్టు, గడువు పొడిగింపు, నిలిచిపోయిన పురోగతి వివరాలు, పెండింగు కేసులు.

బేరంలో తేల్చుకోగలిగినవి: పార్కింగ్ స్థానం, ఫిట్టింగుల బ్రాండు, చెల్లింపుల వాయిదాలు.

నలుగురైదుగురు స్నేహితులు ఒకే ప్రాజెక్టు చూస్తుంటే ఈ కాగితాన్ని కలిసి తయారు చేయడం మేలు. వకీలు ఫీజు పంచుకోవచ్చు, ఒకరు మరిచినది మరొకరు అడుగుతారు.

## 8. డబ్బు, ఒప్పందం

రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం, విక్రయ ఒప్పందం రాసి రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 80 లక్షల ఫ్లాటుకు 8 లక్షలన్నమాట. "ఎంఓయూ (అవగాహన పత్రం) రాసుకుందాం, 30 శాతం కట్టండి" అన్నవారికి ఈ సెక్షన్ చూపించండి.

కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ప్రాజెక్టు ప్రత్యేక ఖాతాలో జమ కావాలి. ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాక, జరిగిన పని మేరకే అందులోంచి తీయాలి. అందువల్ల మీ చెక్కు మీద రాసే ఖాతా పేరు, రెరాలో చూపించిన ఖాతా పేరు సరిపోల్చండి.

ధరను కార్పెట్ ఏరియాతో, అంటే బయటి గోడలు, బాల్కనీలు కలపకుండా ఇంటి లోపల వాడుకోగల విస్తీర్ణంతో లెక్క కట్టండి. చదరపు అడుగు 6,000 రూపాయలని 1,500 అడుగులు చెప్పిన ఫ్లాటులో కార్పెట్ ఏరియా 1,000 అడుగులే అయితే మీరు నిజానికి అడుగుకు 9,000 ఇస్తున్నారు. రెండు ప్రాజెక్టులను పోల్చడానికి పనికివచ్చే అంకె ఇదొక్కటే.

ఒప్పందంలో వెతకవలసినవి:

- అప్పగించే తేదీ స్పష్టంగా ఉందా, లేక "సుమారుగా" అని ఉందా?
- జాప్యానికి మీరిచ్చే వడ్డీ, బిల్డరు ఇచ్చే వడ్డీ ఒకటేనా? తెలంగాణ నిబంధనల్లో ఇద్దరికీ ఒకే రేటు: స్టేట్ బ్యాంక్ అత్యధిక ఎంసీఎల్ఆర్‌కు (అప్పులకు బ్యాంకు పెట్టుకునే మూల వడ్డీ రేటు) మరో 2 శాతం కలిపినది.
- వాయిదాలు తేదీలకు ముడిపడ్డాయా, పూర్తయిన పనికి ముడిపడ్డాయా? పనికే ముడిపెట్టించుకోండి.
- ప్లాను మార్పులకు ముందుగానే మీ సమ్మతి రాయించుకుంటున్నారా? మంజూరైన ప్లానులో మార్పులకు మూడింట రెండు వంతుల కొనుగోలుదారుల సమ్మతి కావాలని చట్టం చెబుతుంటే, ముందుగానే ఇచ్చే ఖాళీ సమ్మతి ఆ రక్షణను నీరుగారుస్తుంది.

బ్రోచరు, వాట్సాప్ సందేశాలు, ప్రకటన కత్తిరింపులు అన్నీ ఫైలులో పెట్టండి. తప్పుడు ప్రకటన నమ్మి నష్టపోయినవారికి పరిహారం కోరే హక్కు 12వ సెక్షన్ ఇస్తుంది.

## 9. తరచుగా జరిగే తప్పులు, దిద్దుకునే దారులు

"పెద్ద బ్యాంకు లోను ఇస్తోంది, ఇంకేం చూడాలి?" బ్యాంకు చూసుకునేది తన అప్పు భద్రత. దాని లీగల్ రిపోర్టు కాపీ అడగండి, ఇస్తే మీ వకీలుకు చూపించండి. మీ పరిశీలన మాత్రం మానకండి.

విదేశాల్లో ఉండి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వడం. ఈ ఒక్క ఫ్లాటుకు, ఈ ఒక్క పనికి పరిమితమైన అధికారపత్రం చాలు. విదేశంలో సంతకం చేసిన పత్రం భారత్ చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి.

ఇప్పటికే 10 శాతానికి మించి కట్టేయడం. ఇక పైసా కట్టకుండా, ఒప్పందం రిజిస్టరు చేయాలని రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపండి. స్పందన లేకపోతే రెరాలో ఫిర్యాదు చేయవచ్చు.

గడువు దాటినా "వచ్చే దసరాకు" అన్న మాట నమ్మి కూర్చోవడం. 18వ సెక్షన్ ప్రకారం ప్రాజెక్టు నుంచి తప్పుకుంటే వడ్డీతో వాపసు, కొనసాగితే అప్పగించే వరకు నెలనెలా వడ్డీ అడగవచ్చు. రెండింటిలో ఏది కావాలో తేల్చుకుని రాతలో అడగండి.

## 10. తాళాలు తీసుకునే రోజు

ఓసీ కాపీ చేతికి రాకుండా తాళాలు తీసుకోవద్దు. "ఇంటీరియర్ పని మొదలుపెట్టుకోండి, ఓసీ వస్తుంది" అని తాళాలిచ్చి, స్వాధీనం అయినట్టు సంతకం పెట్టించుకోవడం మామూలైపోయింది.

బాత్రూములలో నీళ్లు నిలగట్టి 24 గంటల తర్వాత కింది ఫ్లాటు సీలింగు చూడండి. టైల్సు నాణెంతో తట్టి బోలు శబ్దం వచ్చేవాటి మీద పెన్సిలుతో గుర్తు పెట్టండి. ప్రతి స్విచ్చు, ప్రతి కుళాయి, ప్రతి కిటికీ గొళ్లెం ఒకసారి వేసి తీయండి. లోపాల జాబితా రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద సైటు ఇంజనీరు సంతకం, తేదీ తీసుకోండి.

స్వాధీన పత్రం మీద తేదీ కచ్చితంగా ఉండాలి. నిర్మాణ లోపాలను, పనితనంలోని లోపాలను ఆ తేదీ నుంచి ఐదేళ్ల వరకు బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలని, చెప్పిన 30 రోజుల్లో చేయాలని 14వ సెక్షన్ చెబుతుంది. సెల్‌ఫోను క్యాలెండరులో నాలుగేళ్ల పది నెలల దగ్గర ఒక గుర్తు పెట్టుకుని, ఆ వారం ఇంజనీరును పిలిపించి ఇల్లంతా మళ్లీ చూపించి, కనిపించిన ప్రతి పగులునూ ఫొటోతో సహా లేఖ రాసి పంపండి.